సీలు వేసిన ఇంటి ముందు ముగ్గు

ఈమధ్య మా పాత బ్రాంచి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. కొత్తగా రికవరీ విభాగంలో వేశారట. "సర్, రేపు మొదటిసారి ఒక ఇంటికి తాళం వేయడానికి వెళ్తున్నాం. ఏమేం తీసుకెళ్ళాలి?" అని అడిగింది. రెండు కొత్త తాళాలు, గుడ్డముక్క, లక్క, అగ్గిపెట్టె, పెద్ద సీసాతో మంచినీళ్ళు అని చెప్పాను. "ఎండ బాగా ఉంటుందా సర్?" అంది. నీళ్ళు నీకు కాదమ్మా, ఇంటివాళ్ళకు అన్నాను. ఆ రోజు మంచినీళ్ళు పట్టి పెట్టుకోవాలని వాళ్ళలో ఎవరికీ గుర్తుండదు. నోరెండిపోయి మెట్ల మీద కూర్చుంటారు. లోపలికి వెళ్ళి కుళాయి తిప్పుకోవచ్చో లేదో తెలియక అడగరు.

ఆ అమ్మాయి ఇంకా ఏదో అడగబోయి ఊరుకుంది. తాళం వేసి వచ్చాక రాత్రి నిద్ర పడుతుందా అని అడగబోయింది, నాకు తెలుసు. ముప్పై ఏళ్ళ కిందట నేనూ ఎవరినీ అడగలేక ఊరుకున్న ప్రశ్నే అది. దానికి జవాబు ఫోన్లో చెప్పేంత చిన్నది కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు, అవి నా భార్యకే విసుగు. ఒక్క ఇంటి గురించి చెబుతాను. నేను తాళం వేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి గానీ, నన్ను లోపల పెట్టి తాళం వేసుకున్న ఇల్లు అదొక్కటే.

ఇంటి ధర గురించి పచ్చి నిజం

ఇల్లు కొనేటప్పుడు మనిషి కళ్ళతో కొనడు, కడుపులో ఉన్న కోరికతో కొంటాడు. బిల్డర్‌కు అది తెలుసు. అప్పిచ్చే మాకూ తెలుసు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల వెంచర్లు పుట్టగొడుగుల్లా లేచిన రోజుల్లో, బిల్డర్ చెప్పిన ధరకు ఇంటికి విలువ కట్టే మా వాల్యుయర్ తల ఊపేవాడు, వాల్యుయర్ రాసిన కాగితానికి మేం తల ఊపేవాళ్ళం. రోడ్డు వస్తుందన్నారు, నీళ్ళ లైను వస్తుందన్నారు. అవి రాకముందే ధర వచ్చేసింది. తర్వాత బిల్డర్ సగం కట్టి మాయమైతే ఆ ధర దిగిపోయింది. అప్పు మాత్రం దిగలేదు.

ఇలా ఇంటి ధర కంటే అప్పు ఎక్కువైనప్పుడు, ఆ ఇంటివాళ్ళు వచ్చి "సార్, వచ్చినకాడికి అమ్మేస్తాం, మిగిలింది మాఫీ చేసి మమ్మల్ని వదిలేయండి" అంటారు. ఆ మాట చెప్పడానికి వాళ్ళు ఎన్ని రాత్రులు నిద్రపోలేదో మనకు తెలియదు. ఆ మాట చెప్పిన రోజే వినాలి. నేను వినలేదు.

కాదని పంపిన మనిషి

రాజ్యలక్ష్మి గారిది తెనాలి వైపు. భర్త ఒక మందుల కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేసేవాడు. అలియాబాద్ దాటాక లోపలికి, ఒక కుంట వెనకాల వేసిన వెంచర్లో ఇల్లు కొన్నారు. కంపెనీ మూతపడింది. ఏడాది పాటు ఆమె బంగారం వాయిదాలు కట్టింది. తర్వాత కట్టడానికి బంగారం లేదు. ఆయన గుండ్లపోచంపల్లిలో ఒక గోదాములో ప్యాకింగ్ పనికి కుదిరాడు. మాట్లాడటం దాదాపు మానేశాడు. అప్పుకు గ్యారంటీ సంతకం పెట్టింది ఆమె సొంత తమ్ముడు. అక్కడే తెనాలి దగ్గర బళ్ళో డ్రిల్లు మాస్టారు. అప్పు తీరకపోతే అతని జీతం మీద పడతాం. ఆమె భయమంతా అదే.

ఒక రోజు ఆమె అల్వాల్ నుంచి ఒక టీచరును వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన ఇల్లు చూసుకున్నాడు, నలభై లక్షలకు కొంటానన్నాడు. అప్పు నలభై ఆరు. "మేనేజర్ గారూ, ఆరు లక్షలు మీరు వదులుకుంటే మా తమ్ముడు బయటపడతాడండీ. మాకు ఒక్క రూపాయి కూడా వద్దండీ" అంది. ఆయన తెచ్చిన అడ్వాన్సు చెక్కు ఆమె చేతిలోనే ఉంది.

ఆ ప్రతిపాదనను పై ఆఫీసుకు పంపడం నా పని. ఒప్పుకోవడమో మానడమో వాళ్ళ పని. కానీ ఆ నెలలో అప్పటికే రెండు పంపి తిట్లు తిన్నాను. అందుకని పంపకుండానే, "బ్యాంకు ధర్మసత్రం కాదమ్మా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ నా నాలుక మీద నాకు కోపం. ఆమె చెక్కును టీచరు గారికి తిరిగి ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చింది.

తాళం వేసిన రోజు

నోటీసులు నడిచాయి, గడువులు ముగిశాయి. ఇద్దరు పోలీసులతో, కోర్టు కాగితంతో వెళ్ళాను. వాళ్ళు అప్పటికే సామాను మచ్చ బొల్లారంలో ఒక అద్దె పోర్షన్‌కు చేర్చేశారు. హాలు గుల్లగా ఉంది. వంటింట్లో గట్టు మీద గోధుమరంగు మరక ఒకటి కనిపించింది. నేను దాని వంక చూస్తుంటే ఆమె, "గృహప్రవేశం నాడు పాలు పొంగించినప్పటిదండీ. ఎన్నడూ తుడవలేదు" అంది.

పదినిమిషాలు ఇమ్మని అడిగింది. ఇచ్చాను. వరండా కడిగింది, గడపకు పసుపు రాసింది, ముందు ఏడు చుక్కల మెలికల ముగ్గు పెట్టింది. లేచి చెంగుకు చేయి తుడుచుకుని "ఇంక వేసుకోండి" అంది. తలుపుకు ఒకటి, గేటుకు ఒకటి తాళాలు వేసి, గుడ్డ చుట్టి లక్క పోశాను. పోసేటప్పుడు వేలు కాలింది. అక్కడ ఇంకొక్క నిమిషం కూడా నిలబడలేకపోయాను.

ఇక్కడే నా రెండో తప్పు. తాళం వేసే ముందు ఇంటి చుట్టూ ఒక్కసారి తిరిగి చూడాలి. నేను సిగ్గుతో తిరగలేదు. పంచనామాలో "నాలుగు వైపులా ప్రహరీ గోడ కలదు" అని చూడకుండానే రాసి సంతకం చేశాను.

వాచ్‌మన్ పోశయ్య మాట

మూడు వారాల తర్వాత మొదటి కొనుగోలుదారుకు ఇల్లు చూపించడానికి వెళ్ళాను. పొద్దున పది గంటలు. గేటు మీది సీలు చెక్కుచెదరలేదు. తాళం తీసి లోపలికి అడుగు పెట్టి ఆగిపోయాను.

వరండా ముందు ముగ్గు ఉంది. ఏడు చుక్కలది, మెలికలది. నేను తాళం వేసిన రోజు చూసిందే. కానీ మూడు వారాల ముగ్గు అలా ఉండదు. మధ్యలో రెండుసార్లు వాన పడింది. ఈ ముగ్గు కింద నేల ఇంకా తడిగా ఉంది.

కొనడానికి వచ్చినాయన "ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా?" అని అడిగాడు. లేరన్నాను. "మరి ఇదేంటి?" అన్నాడు. నేను తలుపు తాళం తీశాను. లోపల నేలంతా దుమ్ము. ఆ దుమ్ము మీద మా ఇద్దరి అడుగులు తప్ప ఇంకే అడుగులూ లేవు. వంటింట్లోకి వెళ్ళేసరికి ఆయన ముక్కు ఎగబీల్చి "పాలు మాడిన వాసన వస్తోందండీ" అన్నాడు. నాకూ వస్తోంది. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. చుట్టుపక్కల మూడు ఇళ్ళూ సగం కట్టి వదిలేసినవే, పొయ్యి వెలిగించేవాళ్ళు లేరు. ఆయన చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు, వెళ్తూ వెళ్తూ ముగ్గు తొక్కి, గతుక్కుమని వెనక్కి గెంతాడు. ఆ తర్వాత మా ఫోన్ ఎత్తలేదు.

వెంచర్ మొదట్లో రేకుల షెడ్డులో పోశయ్య అని వాచ్‌మన్ ఉంటాడు. అతన్ని పట్టుకున్నాను.

"ఎవరు పెడుతున్నారయ్యా ముగ్గు?"

"ఎవ్వలు ఏస్తలేరు సార్. గీ తొవ్వ మీద నేనే పండుకుంటా. నన్ను దాటి పురుగు సుత పోలేదు."

"మరి ముగ్గు ఎట్లొస్తోంది?"

"అదే సార్ నేను గూడ పరేషాన్ ఉన్న. పొద్దుగాల లేచి గేటు సందులకెళ్ళి సూస్తే ఉంటది. రోజు ఉంటది." పోశయ్య గొంతు తగ్గించాడు. "మీరు సక్కగ సూడలే. గా ముగ్గుకు ఒక దిక్కు గీత కలపలే. తొవ్వ ఇడిసిండ్రు. గట్ల ఇడిస్తే లోపలున్నది బయటికొస్తదంటరు మా దిక్కు."

వెనక్కి వెళ్ళి చూశాను. నిజమే. మెలికల ముగ్గులో గీత ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలవాలి. మా అవ్వ అరుగు మీద కూర్చుని కోడళ్ళను అదొక్కటే తిట్టేది, గీత కలపకుండా లేస్తే ఇల్లు నిలవదని. ఇక్కడ గేటు వైపు ఒక మనిషి నడిచేంత సందు వదిలి ఉంది. తాళం వేసిన రోజు ముగ్గుకు ఆ సందు లేదు. నాకు బాగా గుర్తు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది. ఆ రెంటికీ సంబంధం లేదని ఆ రోజే తెలిసింది.

పడిపోతున్న ధర

ఆ ఇంట్లో ఎవరూ చావలేదు. ఉరి లేదు, విషం లేదు, ఏమీ లేదు. అయినా నాలుగు నెలల్లో ఆ ఇంటికి ఒక చావు అంటుకుంది. పోశయ్య టీకొట్లో చెప్పాడు, టీకొట్టువాడు బ్రోకర్లకు చెప్పాడు. ఒకరు కోడలు కాలిపోయిందన్నారు, ఇంకొకరు బాలింత పోయిందన్నారు, అందుకే పాల వాసన అన్నారు. రెండో వేలంలో ఒక జంట చూడటానికి వచ్చింది. ఆవిడ తెరిచిన గేటులోంచి ముగ్గు చూసి, కారు దిగనని పిల్లల్ని పట్టుకుని కూర్చుంది. మూడో వేలానికి ఒక రియల్ ఎస్టేట్ ఆయన వచ్చాడు. ఎన్నో ఇళ్ళు కొన్న మొండివాడు. వంటింటిదాకా ధీమాగా వెళ్ళాడు, వచ్చేటప్పుడు నా చేయి పట్టుకుని నడిచాడు.

వేలం తప్పిన ప్రతిసారీ కనీస ధర తగ్గించాలి, అది మా పద్ధతి. ముప్పై ఎనిమిది నుంచి ముప్పై నాలుగుకు, అక్కడి నుంచి ముప్పైకి, మూడోసారి తప్పాక ఇరవై తొమ్మిదికి వచ్చింది. తగ్గిన ప్రతి లక్షా తెనాలి దగ్గర పిల్లల చేత కసరత్తు చేయించే ఒక మాస్టారు మెడకు చుట్టుకుంటోంది. నేను టీచరు గారిని వెనక్కి పంపకపోయి ఉంటే ఆ మాస్టారి పేరు ఎప్పుడో కొట్టేసేవాళ్ళం. ఈ లెక్క నాకు అన్నం తింటున్నప్పుడు గుర్తొచ్చేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో వేలు కాలినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

తెల్లవారుతుండగా

ఇంక లాభం లేదని ఒక చలి పొద్దున, చీకటి విడుతుండగా, స్కూటర్ మీద వెళ్ళి ఆ ఇంటికి ఎదురుగా నిలబడ్డాను. కుంట మీది నుంచి పొగమంచు వచ్చి సగం కట్టిన ఇళ్ళ కిటికీల్లోంచి లోపలికి, బయటికి తిరుగుతోంది. రేకు గేటు మీద సీలు అలాగే ఉంది. దారిలో ఎవరూ లేరు.

కాసేపటికి గేటు లోపలి నుంచి చీపురు చప్పుడు వినిపించింది.

నిదానంగా ఊడుస్తున్నారు. తర్వాత నీళ్ళు చల్లిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. ముగ్గు పెట్టేటప్పుడు చప్పుడు ఉండదు కదా. తాళంచెవి జేబులోనే ఉంది. దాన్ని తీయలేదు. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. చివరకు సీలు పగలగొట్టి గేటు తోసేసరికి వరండా ముందు ఎవరూ లేరు. ముగ్గు మాత్రం పూర్తయి ఉంది. సందు వదిలి ఉంది.

కానీ తడినేల మీద పాదాల గుర్తులు ఉన్నాయి. ఇంటి పక్కనుంచి వెనక్కి వెళ్తున్నాయి. మా అవ్వ చెప్పిన కథల్లో దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. ఇవి సరిగ్గానే ఉన్నాయి. ఆ ధైర్యంతో వెంట నడిచాను. ఇంటి వెనక ప్రహరీ గోడే లేదు. బిల్డర్ మూడు వైపులే కట్టి వదిలేశాడు, నాలుగో వైపు నేను పంచనామాలో కట్టాను. అక్కడి నుంచి సన్నటి కాలిబాట కుంట కట్ట మీదికి వెళ్తోంది.

నీళ్ళ అంచున రాజ్యలక్ష్మి గారు కూర్చుని చేతికున్న ముగ్గుపిండి కడుక్కుంటున్నారు. పక్కన చీపురు, చిన్న బకెట్టు ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఆమె కూడా భయపడింది.

"కేసు పెడతారా అండీ?" అంది ముందుగా.

"రోజూ వస్తున్నారా అమ్మా? మచ్చ బొల్లారం నుంచి?"

"మొదటి బస్సుకండీ. ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదండీ, అందుకే రాగలుగుతున్నాను. అలియాబాద్ స్టేజీలో దిగి కట్ట మీద నుంచి వచ్చేస్తాను. ఎనిమిదింటికి మళ్ళీ బడి వంటకు వెళ్ళిపోవాలి."

"ఎందుకమ్మా?"

అంత తెలివితక్కువ ప్రశ్న ఏమిటన్నట్టు చూసింది. "ముగ్గు లేకపోతే చావింటిలా ఉంటుంది కదండీ. మైలింటి ముందే కదా ముగ్గు పెట్టరు. కొనేవాళ్ళు వచ్చి బోసిగా ఉన్న వాకిలి చూస్తే ఏమనుకుంటారు? పాడుబడ్డ కొంప అనుకుని సగం ధరకు అడుగుతారు. కళగా ఉంటే నాలుగు లక్షలు ఎక్కువ వస్తాయి. మా తమ్ముడి మీద అంత బరువు తగ్గుతుంది. నేను చేయగలిగింది ఇదొక్కటే కదండీ."

"మరి ఆ సందు?"

"కొనేవాళ్ళు ముగ్గు తొక్కకుండా లోపలికి రావాలి కదండీ. దారి వదిలాను."

ఈమె మంచులో లేచి, బస్సెక్కి, ఇల్లు బతికుందని చెప్పడానికి గీస్తున్న గీతలను చూసే జనం పారిపోతున్నారు. ఆమె ఒక్కొక్క ముగ్గూ తమ్ముడి మెడకు ఒక్కొక్క ముడి వేస్తోంది. ఆ మాట చెప్పాలి. చెప్పి ఆపించాలి, అది నా ఉద్యోగ ధర్మం. నోటిదాకా వచ్చింది. ఆమె గోళ్ళ కింద తెల్లటి పిండి ఇంకా వదల్లేదు. చెప్పలేకపోయాను.

"లోపలికి కూడా వెళ్తున్నారా?" అని మాత్రం అడిగాను. "వంటింట్లో పాలేమైనా..."

"లోపలికా? తాళం మీ దగ్గరే ఉంది కదండీ" అంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. దుమ్ము మీద అడుగులు లేకపోవడం నేనే చూశాను.

యాదగిరి గారి గది

మా చీఫ్ మేనేజర్ యాదగిరి గారు నల్గొండ మనిషి. నోరు మంచిది కాదు, మనిషి మంచివాడు. ఆ మధ్యాహ్నమే ఆయన దగ్గరకు వెళ్ళి జరిగిందంతా చెప్పాను. వచ్చిన ధరకు ఇల్లు అమ్మి, మిగిలింది మాఫీ చేసి, గ్యారంటర్‌ను వదిలేయాలని కాగితం రాసుకొచ్చానన్నాను. ఆయన చదివి కళ్ళజోడు తీశాడు.

"నలబై లచ్చలకు మనిషి ఒచ్చిన్నాడు నా దగ్గరికెందుకు తేలే?"

"తిడతారని సార్."

"తిడితే తిడ్తి! తిట్లకు పైసలు పోతయా? గిప్పుడు పోయినయి గదా." కాగితం మీద వేలు పెట్టాడు. "ఇండ్ల నీ తప్పు నువ్వే రాసుకున్నవ్. గోడ లేదని, టీచర్‌ను ఎల్లగొట్టిననని. నీ రిటైర్మెంట్‌కు ఏడాది లేదు, ఎరికేనా?"

ఎరికే అన్నాను. అది రాయకపోతే మాఫీకి కారణం ఉండదు. ధర పడింది వాళ్ళ వల్ల కాదు, నా వల్ల అని కాగితం మీద ఉంటేనే పైవాళ్ళు ఒప్పుకుంటారు. దయ్యం వల్ల ధర పడిందని రాస్తే ఏ కమిటీ సంతకం పెడుతుంది? యాదగిరి గారు పెన్ను తీసి సంతకం చేశాడు. "దయ్యానికి భయపడి బ్యాంకు మునిగిందని నేను యాడ చెప్పుకోను?" అని గొణిగాడు. ఆ కాగితం వల్ల నాకొక మెమో వచ్చింది, నా రిటైర్మెంట్ డబ్బు కొన్ని నెలలు ఆలస్యమైంది. నా ఉద్యోగంలో రాసిన వాటిలో సరైన కాగితం అదొక్కటే అని ఇప్పటికీ అనుకుంటాను.

కొన్నవాడు

కిష్టయ్యది అలియాబాదే. రెండు బోరుబండ్లు ఉన్నాయి. ఇల్లు చూడటానికి భార్య సుగుణతో వచ్చాడు. ముగ్గు ముందు గొంతు కూర్చుని వేలితో ముట్టాడు.

"పచ్చిగున్నది సారు. ఇయ్యాలదే."

దాచేదేముంది అనుకుని, జనం ఏమనుకుంటున్నారో చెప్పాను. ఎవరు పెడుతున్నారో మాత్రం చెప్పలేదు. చెబితే ఆమె మీద కేసు అవుతుంది.

కిష్టయ్య నవ్వాడు. "దయ్యమైతే దయ్యమే. రోజు లేసి వాకిలూడ్సి ముగ్గేసే దయ్యం ఎవలకు దొరుకుతది సారు? మనుషులే బద్ధకమైండ్రు గీ రోజులల్ల."

సుగుణ నవ్వలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, గీత తొక్కకుండా, ఆ సందులోంచి జాగ్రత్తగా లోపలికి నడిచింది. ఆమె వెనకే కిష్టయ్య. అన్ని నెలల్లో ఆ దారిన లోపలికి వెళ్ళినవాళ్ళు వాళ్ళిద్దరే. ఇరవై తొమ్మిది లక్షలకు ఇల్లు వాళ్ళదైంది.

ఆ కబురు చెప్పడానికి మచ్చ బొల్లారం వెళ్ళాను. రాజ్యలక్ష్మి గారు అద్దె పోర్షన్ మెట్టు మీద బియ్యం ఏరుకుంటున్నారు. తమ్ముడి పేరు తీసేశామని, ఇంక ఎవరూ ఎవరికీ బాకీ లేరని చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి, మొహానికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. లోపల గదిలో భర్త లేచి నిలబడిన చప్పుడు వినిపించింది. ఎంతకు పోయిందని ఆమె అడగలేదు. ఒక్కటి మాత్రం అడిగింది.

"కొన్నవాళ్ళు ముగ్గు తొక్కకుండా వచ్చారా అండీ?"

"తొక్కలేదమ్మా. మీరు వదిలిన దారిలోనే వచ్చారు" అన్నాను. అంతకుమించి నిజం చెప్పే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

సందు

రిటైరయ్యాక ఒక రోజు కిష్టయ్య ఫోన్ చేశాడు. "సారు, ఒక్కపారి ఇంటికి రావాలె. మా ఆడామె మిమ్ములను ఏందో అడుగుతదట."

పట్టపగలే వెళ్ళాను. ఇంటికి కొత్త రంగు వేశారు, వెనక గోడ లేచింది. గేటు తీసి చూసి, వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను. వరండా ముందు ఏడు చుక్కల ముగ్గు, గేటు వైపు సందు. గోడ కట్టాక కూడా ఆమె ఎలా వస్తోంది?

సుగుణ బయటికి వచ్చింది. వేళ్ళకు తెల్లటి పిండి ఉంది. "నేనే ఏస్తున్న సార్" అంది. "మేమొచ్చిన్నాటి నుంచి ఆమె వస్తలేదు. మేమొచ్చి ఆమెను ఎల్లగొట్టినట్టయింది. మనసున పడ్తలేదు నాకు. అందుకే ఆమె ఏసినట్టే ఏసి, తొవ్వ ఇడుస్తున్న. ఎన్నడన్న రావాల్ననుకుంటే రానీ." తర్వాత నా కళ్ళలోకి చూసి అడిగింది. "ఆమె ఎవలో మీకెరికే గదా సార్?"

రాజ్యలక్ష్మి గారి దగ్గర చెప్పలేకపోయినదంతా ఈమె దగ్గర చెప్పాను. ఇంక కేసు లేదు, బ్యాంకు లేదు, నేను ఉద్యోగినీ కాను. మొదటి బస్సు, కుంట కట్ట, తమ్ముడు, చావింటి ముందు ముగ్గు ఉండదన్న మాట, అన్నీ చెప్పాను. సుగుణ గడప మీద కూర్చుండిపోయింది.

"బతికే ఉన్నదా?"

"బతికే ఉందమ్మా. మచ్చ బొల్లారంలో."

సుగుణ చేతి పిండి చెంగుకు తుడుచుకుంది. ఆమెను తీసుకొస్తారా, ఒక పూట అన్నం పెడతాం అంటుందనుకున్నాను. అంది కూడా, తర్వాత. కానీ ముందుగా ఆమె మెడ తిప్పి, వంటింటి వైపు చూసి, చాలా నెమ్మదిగా అడిగింది.

"మరి లోపల రోజు పాలు కాగబెట్టేది ఎవలు సార్?"

అప్పుడే నాకూ ఆ వాసన తగిలింది. వంటింట్లో పొయ్యి ఆరిపోయి ఉంది, గట్టు మీద గిన్నె లేదు. కొత్త రంగు వేసిన ఆ ఇంట్లో గోధుమరంగు మరక మాత్రం అలాగే ఉంది. మూడుసార్లు రుద్దినా పోలేదని సుగుణ చెప్పింది. ఆమె ఇచ్చిన టీ తాగాను, వచ్చే ఆదివారం రాజ్యలక్ష్మి గారిని అడిగి చూస్తానని చెప్పాను, ముగ్గు తొక్కకుండా ఆ సందులోంచి బయటికి వచ్చాను.